మావోరి భాష: పోగొట్టిన పైకము, నిలిపిన పైకము

ప్రభుత్వముల ఆదాయవ్యయ పట్టికలలో రోడ్లకు, వంతెనలకు, ఆసుపత్రులకు, సైన్యమునకు పద్దులుండుట మనమెఱిగినదే. ఒక భాషను బ్రదికించుటకు ఇంత సొమ్మని ఒక పద్దు కనబడినచో చదువరికి కొంత వింతగా తోచును. తల్లి బిడ్డకు పాలతో పాటు మాట నేర్పును. ఆ మాటకు ఖరీదు కట్టువారెవరు? దస్తావేజు లేక, రిజిస్ట్రేషను ఖర్చు లేక తరతరములుగా చేతులు మాఱుచు వచ్చు ఆస్తి భాష యొక్కటే. అట్టి దానికి ఖజానా నుండి సొమ్మేల?

న్యూజీలండు దేశపు మూలవాసులైన మావోరి జాతివారి చరిత్ర ఈ ప్రశ్నకు చక్కని సమాధానము. వారి భాష దానంతట అది క్షీణించినది కాదు. దానిని మాన్పించుటకు పూర్వము ప్రభుత్వధనము వెచ్చింపబడినది. దానిని మరల నిలుపుటకు నేడు ప్రభుత్వధనము వెచ్చింపబడుచున్నది. ఈ రెండు వ్యయములను ప్రక్కప్రక్కన ఉంచి చూచినచో, సొమ్మెంత అను దానికంటె, సొమ్ము వెంట వచ్చిన షరతు ఏది, దానిని వెచ్చించు చేయి ఎవరిది అను ప్రశ్నలే ముఖ్యములని తేలును. ఆ చరిత్రను పాఠకులకు సంగ్రహముగా మనవి చేయుట మా ఉద్దేశము.

మావోరుల పూర్వులు క్రీ. శ. 13వ శతాబ్ది ప్రాంతమున పసిఫిక్ మహాసముద్రపు దీవుల నుండి పెద్ద పడవలలో వచ్చి ఆ దేశమున నిలిచిరి. వారికి లిపి లేదు. వంశావళులు, భూముల హద్దులు, తెగల నడుమ ఒప్పందములు, పాటలు, ప్రార్థనలు అన్నియు కంఠస్థములై ఒక తరము నుండి మఱియొక తరమునకు అందుచుండెడివి. 19వ శతాబ్ది తొలినాళ్లలో క్రైస్తవ మిషనరీలు ఆ భాషకు రోమను అక్షరములు కూర్చిరి. 1820లో హోంగి హికా, వైకాతో అను ఇరువురు నాయకులు ఇంగ్లండునకు పోయి, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయపు ఆచార్యుడు శామ్యూల్ లీ చేయుచుండిన మావోరి వ్యాకరణరచనకు తోడ్పడిరి. 1837లో బైబిలు క్రొత్త నిబంధన మావోరిలో అచ్చయినది. చదువు మీది ఆసక్తి పల్లె పల్లెకు వ్యాపించెను. అనగా ఆంగ్లపాఠశాలలు పాతుకొనక మునుపే మావోరులు తమ భాషలో చదువను, వ్రాయను నేర్చియుండిరన్నమాట.

1840వ సంవత్సరము ఫిబ్రవరి 6వ తేదీన వైతాంగి అనుచోట బ్రిటిషు రాణి పక్షమున వచ్చిన అధికారులకును మావోరి నాయకులకును ఒక సంధి కుదిరెను. ఆంగ్లమున వ్రాసిన ముసాయిదాను హెన్రీ విలియమ్స్ అను మిషనరీ తన కుమారుని సాయముతో ఒక్క రాత్రిలో మావోరిలోనికి తర్జుమా చేసెను. తరువాతి నెలలలో దేశమంతటను సంధిపత్రములను త్రిప్పగా ఐదు వందలకు పైబడిన నాయకులు వ్రాళ్లు చేసిరి. వారిలో నూటికి తొంబది మందికి మించి వ్రాలు చేసినది మావోరి ప్రతి మీదనే. ఆ ప్రతిలోని రెండవ షరతు ప్రకారము వారి భూములు, గ్రామములు మాత్రమేగాక వారి సకలమైన ‘తవోంగ’ కూడ వారి అధికారమున నుండవలెను. తవోంగ యనగా విలువైన నిధి, పూర్వులు అప్పగించిన పెన్నిధి. ఈ ఒక్క పదము నూట నలుబది ఆరేండ్ల తరువాత ఎట్లు ఫలించినదో ముందు చూతము.

సంధి జరిగిన ఏడేండ్లకే, 1847లో, విద్యా శాసనమొకటి వెలువడెను. మిషనరీ పాఠశాలలకు ప్రభుత్వము ధనసహాయము చేయును. కాని అక్కడ ఆంగ్లము బోధింపవలెను. భాష మీద వెచ్చించిన తొలి సర్కారు సొమ్ము ఇదియే. దాని వెంట వచ్చిన షరతు ఇది. 1867లో వచ్చిన దేశీయ పాఠశాలల చట్టము మఱియొక అడుగు ముందుకు పోయెను. తమ ఊరికి పాఠశాల కావలెనని కోరు మావోరులు దానికి స్థలమియ్యవలెను. ఖర్చులలో కొంత భాగము భరింపవలెను. అందు బోధనాభాష మాత్రము ఆంగ్లము. ఇట్లు ఒక జాతి తన నేలనిచ్చి, తన చేతి డబ్బిచ్చి, తన భాషను గుమ్మము వెలుపల నుంచెడి బడిని కట్టించుకొనవలసి వచ్చెను.

ఇందు తల్లిదండ్రులను తప్పుపట్టుట న్యాయము కాదు. వ్యాపారము, న్యాయస్థానము, కొలువు అన్నియు ఆంగ్లమున సాగునప్పుడు బిడ్డలకు ఆంగ్లము రావలెనని వారు కోరుట సహజమే. ఇంట మావోరి ఉండనే యున్నది, బడిలో ఆంగ్లము అదనముగా వచ్చునని వారు తలచిరి. కాని బడి దానిని అదనముగా ఇయ్యలేదు. ఒకటి తీసికొని ఒకటి ఇచ్చినది. పెక్కు బడులలో మావోరి మాటాడిన పిల్లలకు బెత్తపు దెబ్బలు తప్పలేదు. ఉత్తరదేశపు పెద్దలలో ఒకరును, యుద్ధవీరులును అయిన సర్ జేమ్స్ హెనరె తమ చిన్ననాటి సంగతిని 1985లో విచారణ సంఘము ఎదుట చెప్పిరి. బడి ఆవరణలో మావోరి మాటాడినందుకు ఆయననే అడవికి పంపి ఒక తీగను కోసి తెమ్మనిరట. ఆ తీగతోనే ఆయనను కొట్టిరట. దెబ్బ తిన్న బాలుడు పెరిగి తండ్రియైనప్పుడు తన బిడ్డకు ఆ దెబ్బ తగులకూడదని ఇంటను ఆంగ్లమే మాటాడుట మొదలుపెట్టును. ఒక భాష ఇంటి నుండి జాఱిపోవు మార్గమిది.

ఆ కాలముననే తమ సంస్కృతిని నిలుపుకొనుటకు మావోరులు చేసిన యత్నములును కలవు. విశ్వవిద్యాలయ పట్టమందిన తొలి మావోరి, తరువాత మంత్రిపదవి నలంకరించిన సర్ అపిరాన న్గాటా వీనికి నాయకుడు. ఆయన పూనికవలన 1924లో మావోరి ప్రయోజనముల నిధి యొకటి ఏర్పడెను. ఆ నిధికి మూలధనము దొరతనపు దాతృత్వము కాదు. మావోరి భూముల బోర్డులలో పంపకము కాక పోగుపడిన వడ్డీసొమ్ము. 1926లో చట్టము చేసి రోటోరువ పట్టణమున మావోరి శిల్పకళాశాలను నెలకొల్పిరి. అందు తరిఫీదు పొందిన శిల్పులు అనేక గ్రామములలో చెక్కడపు సభామందిరములను మరల నిలబెట్టిరి. దారుశిల్పము నిలిచినది, పాటలు గ్రంథస్థమైనవి. కాని సభామందిరములో పలికెడి భాష బడిపిల్లల నోట తఱుగుచునే యుండెను.

ఆ తఱుగుదలకు లెక్కలు కలవు. 1913లో మావోరి బడిపిల్లలలో నూటికి 90 మంది తమ భాష మాటాడగలిగియుండిరి. 1953 నాటికి నూటికి 26 మంది. 1975 నాటికి ఐదుగురి కంటె తక్కువ. నలుబది యేండ్లలో జరిగిన నష్టమొక యెత్తు, ఆ పైని ఇరువది రెండేండ్లలో జరిగిన నష్టమొక యెత్తు.

ఈ రెండవ వేగమునకు కారణము వలస. రెండవ ప్రపంచయుద్ధము నాటికి మావోరులలో పెక్కురు పల్లెవాసులే. 1945లో నూటికి 26 మంది మాత్రమే పట్టణములలో నుండిరి. 1986 నాటికి సుమారు 80 మంది పట్టణవాసులైరి. కూలికి, కర్మాగారములలో పనికి వచ్చిన కుటుంబములకు ప్రభుత్వము ఇండ్లు చూపినది. కాని ఒకచోట కూడియుండకుండ తెల్లవారి ఇండ్ల నడుమ ఒక్కొక్క కుటుంబమును విడివిడిగా ఉంచినది. కలసిపోవుదురని ఆ యేర్పాటు. పలుకరించుటకు తమ భాష వచ్చిన పొరుగువారు లేరు, తాతయు అవ్వయు పల్లెలో నుండిరి. ఇక బిడ్డ ఎవరితో మాటాడును?

రేడియో గల ఇండ్లవారికి ఇచ్చట ఒక సంగతి ప్రత్యేకముగా చెప్పదగియున్నది. ఆ యుద్ధమున మావోరి యువకులు 28వ పటాలముగా గ్రీసు, క్రీటు, ఉత్తరాఫ్రికా, ఇటలీ రంగములలో పోరాడిరి. వారి వార్తలకై పల్లెలలో తల్లిదండ్రులు కనిపెట్టుకొని యుండగా, విరెము పార్కర్ అను ఆయన రేడియోలో మావోరి భాషలో వార్తలు చదువ నారంభించెను. యుద్ధభూమిలో పడిపోయిన బిడ్డల పేర్లను తమ భాషలో వినిన ఆ ఇండ్లకు రేడియో ఏమైయుండునో మనము ఊహింపవచ్చును. యుద్ధము ముగిసినది. కాని 1980ల వఱకును ఆ దేశపు ప్రసారములలో మావోరికి దొరకిన కాలము మిక్కిలి స్వల్పము. మన ఇండ్లలో రేడియో మీట త్రిప్పగానే తెలుగు పలుకును. అది ఒక భాగ్యమని మనకు తోచదు. మావోరి పిల్లవానికి ఇంటిలోని పెట్టె రాత్రింబగళ్లు చెప్పిన సంగతి వేఱు: నీ భాష లోకమునకు అక్కఱలేదని.

1972వ సంవత్సరము సెప్టెంబరు 14వ తేదీన హానా తె హెమారా అను యువతి, ‘యువవీరులు’ అను అర్థము గల పేరు పెట్టుకొనిన విద్యావంతుల సంఘము, విశ్వవిద్యాలయపు మావోరి భాషాసమాజము కలసి, ముప్పది వేలకు పైబడిన సంతకములతో పార్లమెంటునకు అర్జీ నిచ్చిరి. మా భాషను పాఠశాలలలో బోధింపుడు అనుటయే వారి కోరిక. ఆ యువకులలో పలువురికి ఆ భాష రాదు. రాకపోవుటయే వారి దుఃఖము. 1970లలో రిచర్డ్ బెంటన్ అను భాషాపరిశోధకుడు ఇల్లిల్లు తిరిగించి చేసిన పరిశీలన ఫలితమును తేల్చి చెప్పెను: ధారాళముగా మాటాడువారిలో అత్యధికులు వయసు మీరినవారు, తల్లులు బిడ్డలతో మావోరిలో మాటాడు ఇండ్లు బహు కొద్ది. పెద్దలు పోయిన వెనుక భాషయు పోవును.

రోగనిర్ణయమైన వెనుక వైద్యము పెద్దలే చూపిరి. నడుమ తరమువారికి భాష లేదు. అవ్వకు ఉన్నది, మనుమనికి కావలెను. కావున అవ్వను మనుమనిని ఒక్కచోట చేర్చవలెను. 1982 ఏప్రిలులో వెల్లింగ్టన్ నగర సమీపమున వైనుయియోమత అను పేటలో తొలి ‘కోహంగ రెయో’ తెఱువబడెను. కోహంగ యనగా పక్షిగూడు, రెయో యనగా భాష. ఐదేండ్లు నిండని పసివారు పగలంతయు పెద్దల ఒడిలో, పూర్తిగా మావోరి మాటల నడుమ పెరుగుదురు. మావోరి వ్యవహారముల శాఖ ఆరంభమునకు కొద్దిపాటి సాయము చేసినమాట నిజము. కాని గూళ్లను నడిపినది కుటుంబములు. సభామందిరములు, చర్చి వసారాలు, ఇండ్ల ప్రక్కని కారుషెడ్లు బడులైనవి. తల్లిదండ్రులు తలకొక చందా వేసికొనిరి, వండిరి, ఊడ్చిరి. అవ్వలు జీతము లేక వచ్చిరి. ఇరితానా తాఫిఫిరంగి అను విదుషి ఈ యుద్యమమునకు తొలి నిర్వాహకురాలు. మూడు నాలుగేండ్లలో గూళ్లు వందల సంఖ్య చేరినవి. 1993 నాటికి 809 గూళ్లలో 14,514 మంది శిశువులుండిరి. గూటి నుండి వెలువడిన బిడ్డలకై 1985లో ఆక్లండు నగరమున మావోరి మాధ్యమపు తొలి పాఠశాలను ప్రజలే తెఱచిరి; ప్రభుత్వము దానివంటి బడులను చట్టమున గుర్తించినది 1989లో.

ఒక వంక గూళ్లు వెలయుచుండగా మఱియొక వంక హక్కు వివాదము నడచెను. వైతాంగి సంధి ఉల్లంఘనలను విచారించుటకు 1975లో ఒక న్యాయసంఘమేర్పడియుండెను. హుయిరంగి వైకెరెపురు మున్నగు వెల్లింగ్టన్ భాషాపరిరక్షకులు దాని యెదుట తమ వాదమునుంచిరి. సంధిలోని తవోంగ అను మాటకు అర్థమేమి? చెక్కడపు కొయ్యయు, పచ్చరాయియు తవోంగ ఐనప్పుడు భాష కాదా? న్యాయసంఘము 1986 ఏప్రిలులో తన నిర్ణయమును వెల్లడించెను: భాషయు తవోంగయే, దానిని కాపాడుదునని ప్రభుత్వము మాట యిచ్చియున్నది, కాపాడుట యనగా అడ్డురాకుండుట మాత్రమే కాదు, పూని నిలుపుట. మరుసటి యేడు, 1987లో, చట్టము వచ్చినది. మావోరి అధికారభాష యైనది; న్యాయస్థానములలో దానిని మాటాడు హక్కు కలిగినది; ఒక భాషాసంఘమేర్పడినది, తీమొతి కారెతు దానికి తొలి అధికారి యయ్యెను. న్యాయసంఘము కోరినదంతయు చట్టమున చేరలేదు. ప్రతి సర్కారు కచేరిలోను ఆ భాషను వాడు హక్కు అందు లేదు. ఐనను దయాధర్మముగా అడిగెడి కాలము పోయి, రావలసిన బాకీగా అడిగెడి కాలము వచ్చినది.

అదే సంవత్సరమున వెల్లింగ్టనులో, అంతవఱకు అడపాదడపా ప్రసారము చేయుచుండిన మావోరి రేడియో కేంద్రము నిత్యప్రసారము ఆరంభించెను. దాని పేరులోని ‘తె ఉపోకో ఒ తె ఇక’ అను మాటలకు చేప తల అని అర్థము. పురాణవీరుడు మావుయి సముద్రము నుండి పైకి లాగిన మహామత్స్యమే ఉత్తరద్వీపమనియు, వెల్లింగ్టను దాని తలయనియు మావోరుల నమ్మకము. ఇంతలో ప్రభుత్వము రేడియో, టెలివిజను సంస్థలను వ్యాపారసంస్థలుగా మార్చ తలపెట్టెను. ఆస్తులు చేతులు మాఱినచో మావోరి ప్రసారములకు చోటెక్కడ అని మావోరి మండలియు, భాషాపరిరక్షకులును వ్యాజ్యము వేసిరి. అది క్రింది న్యాయస్థానములు దాటి లండనులోని ప్రివీ కౌన్సిలు దాక పోయెను. ఒకప్పుడు మన జమీందారీ వ్యాజ్యములు తెగుచుండినదియు అచ్చటనే.

1993 డిసెంబరులో ప్రివీ కౌన్సిలు తీర్పు చెప్పినది. మావోరులు వ్యాజ్యమున ఓడిరి. ఆస్తుల బదిలీ ఆగలేదు. కాని తీర్పులోని వివేచన వారి చేతికి గొప్ప ఆయుధమైనది. సంరక్షకుడు తనకు శక్యమైనదే చేయవలెను, నిజమే; అయితే నిధి ఎంత దుర్బలముగా నున్నదో సంరక్షకుని బాధ్యత అంత అధికము; ఆ దౌర్బల్యము సంరక్షకుని పూర్వపు తప్పువలననే కలిగినచో బాధ్యత మఱియు అధికము. ఇది న్యాయశాస్త్రపు మాట యైనను మన ఇండ్లలోని ధర్మమే. బిడ్డకు జబ్బు ముదిరిన కొలది వైద్యమునకు మరింత వెచ్చింతుము. మన అశ్రద్ధవలననే జబ్బు వచ్చినదని తెలిసినచో ఖర్చు గూర్చి నోరెత్తము.

ఆ యేడే మావోరి ప్రసారములకు నిధులు పంచుటకు ‘తె మాంగై పాహో’ అను ప్రత్యేక సంస్థ యేర్పడెను. ఆ దేశమున టెలివిజను గల ఇంటివారు ఏటేట ప్రసారరుసుము కట్టుచుండెడివారు. అందులో కొంత భాగము దీనికి చేరినది. ఆ రుసుము 2000లో రద్దుకాగా నేరుగా ఖజానా నుండియే సొమ్ము వచ్చుచున్నది. ఇరువదికి పైబడిన తెగల రేడియో కేంద్రములు ఈ నిధితో నడచుచున్నవి. ఒక్కొక్క తెగకు ఒక్కొక్క యాస కలదు. ఆ యాసలోనే అచ్చటి పెద్దల మాట, ఆ ఊరి చావు కబురు, పెండ్లి కబురు వినవచ్చును. 2004 మార్చిలో మావోరి టెలివిజను ఆరంభమైనది.

ఇంతవఱకు చదివినవారికి, సొమ్ము రాగానే కష్టము తీరినదని తోచవచ్చును. అట్లు కాలేదు. 1990లో భాషాగూళ్లు మావోరి వ్యవహారముల శాఖ నుండి విద్యాశాఖ క్రిందికి మాఱినవి. నిధులు స్థిరపడినవి; వానితోపాటు లైసెన్సులు, తనిఖీలు, నమూనా పత్రములు వచ్చినవి. పట్టము గల ఉపాధ్యాయులున్న శిశుపాఠశాలలకు హెచ్చు గ్రాంటు ఇచ్చు పద్ధతి తరువాత ఏర్పడెను. అవ్వకు పట్టమెక్కడిది? ఆమెకు ఉన్నదెల్ల భాష. తల్లిదండ్రులును పెద్దలును నడుపు గూటికి అందువలన తక్కువ సొమ్ము, ఉపాధ్యాయులు నడుపు బడికి ఎక్కువ సొమ్ము దక్కెను. 1993లో 809గా నున్న గూళ్లు 2011 నాటికి ఐదువందలకు లోపు దిగినవి. తల్లుల కొలువులు, ఇతర శిశుపాఠశాలల పోటీ, పెద్దల మరణములు మున్నగు కారణములును ఇందు కలవు. కాని నిధుల లెక్కను గూళ్ల స్వభావమునకు తగినట్లు కట్టకపోవుట సంధికి విరుద్ధమని వైతాంగి న్యాయసంఘమే 2012లో తేల్చినది. 1847 నాటి షరతు భాషను మాన్పింప నెంచినది. ఈ షరతు మంచి యుద్దేశముతో వచ్చినదే. ఐనను రెండింటను కొలబద్ద ఒకరిది, బిడ్డ మఱియొకరిది.

ఇట్టి వ్యయమును భాషాశాఖ వారి లెక్కగానే చూచుట చాలదని మావోరి వైద్యులును చెప్పుచు వచ్చిరి. మనోవైద్యుడైన మేసన్ డ్యూరీ 1980ల తొలి యేండ్లలో ఆరోగ్యమును నాలుగు గోడల ఇంటితో పోల్చెను. దేహమొక గోడ, మనస్సొక గోడ, ఆత్మ యొక గోడ, కుటుంబమొక గోడ. ఒక గోడ క్రుంగినను ఇల్లు నిలువదు. తన అవ్వతో మాటాడలేని మనుమనికి కుటుంబపు గోడ ఎట్లు నిలుచును? ప్రార్థన అర్థము కానివానికి ఆత్మ యను గోడ ఎట్లు నిలుచును? ఈ పోలిక నేడు ఆ దేశపు ఆరోగ్యవిధానములలోను, పాఠశాలలలోను స్థిరపడియున్నది. భాష, సంస్కృతి, ఆరోగ్యము, వారసత్వము అను నాలుగు మాటలను ఒకే పద్దు క్రింద చేర్చుట వింతగా తోచువారికి ఇది సమాధానము.

2016లో న్యూజీలండు పార్లమెంటు క్రొత్త భాషాచట్టమును చేసెను. దాని విశేషములు మూడు. మొదటిది: ప్రభుత్వపు పూర్వవిధానములు ఆ భాషకు కీడు చేసినవని చట్టముననే ఒప్పుకొనిరి. రెండవది: చట్టమును రెండు భాషలలో చేసి, రెంటికి అర్థభేదము వచ్చినచో మావోరి పాఠమే చెల్లునని వ్రాసిరి. 1840 నాటి సంధిపత్రపు రెండు ప్రతుల తగవు ఎఱిగినవారికి ఈ ఒక్క వాక్యపు విలువ తెలియును. మూడవది మన విషయమునకు ముఖ్యము: ‘తె మాతావై’ అను సంస్థను నెలకొల్పిరి. దాని పదుమువ్వురు సభ్యులలో ఇరువురిని మాత్రమే మంత్రి నియమించును. తక్కినవారు తెగల నుండియు, భాషాసంస్థల నుండియు వత్తురు. ఇండ్లలో, ఊళ్లలో భాషను నిలుపు యత్నములకు సొమ్ము పంచునది వారే. కచేరీలు, బడులు, సమస్తప్రజల యెదుట భాషకు గౌరవము కల్పించుట ప్రభుత్వము వంతు. పొయ్యి దగ్గఱ, ఉయ్యాల దగ్గఱ భాషను నిలుపుట మావోరుల వంతు. ఇంటికప్పునకు రెండు వాలులున్నట్లు ఈ రెండు వంతులును కలసిననే వాన ఆగునని వారి పోలిక.

ఈ గూటి పద్ధతి ఒక్క దేశమున ఆగలేదు. 1980లలోనే హవాయి దీవులవారు దీనిని చూచి తమ భాషకు గూళ్లు కట్టుకొనిరి. కెనడా పశ్చిమతీరమున, బ్రిటిష్ కొలంబియా రాష్ట్రమున, మూలజాతుల భాషలకును కళలకును వారసత్వమునకును నిధులు పంచుటకు 1990లో ఒక సంస్థ యేర్పడెను. అది సాయము చేయు పనులలో భాషాగూళ్లును కలవు. 2019లో కెనడా చేసిన మూలజాతుల భాషల చట్టము, ఈ పనికి నిధులు చాలినంతగా, నిలకడగా, దీర్ఘకాలము ఉండవలెనను లక్ష్యమును స్పష్టముగా పేర్కొన్నది. ఐక్యరాజ్యసమితి 2022 నుండి 2032 వఱకును మూలజాతుల భాషాదశాబ్దముగా ప్రకటించినది.

నిలకడ అను ఆ మాటను కొంచెము ఆలోచింపవలసియున్నది. వంతెన కట్టుటకు మూడేండ్ల సొమ్ము చాలును. కట్టిన వెనుక అది నిలుచును. పసిబిడ్డ నోట భాష నిలుచుటకు పదునెనిమిదేండ్లు పట్టును. ఆ బిడ్డ తల్లియై తన బిడ్డను ఆ భాషలో లాలించిన దాక ఫలితము తేలదు. ఏటికేడు మంజూరగు గ్రాంటు, ప్రభుత్వము మాఱగానే మాఱెడి గ్రాంటు ఇట్టి పనికి తగినది కాదు. నడుమ నాలుగేండ్లు సొమ్ము ఆగినచో ఒక తరము శిశువులు గూడు దాటిపోవుదురు. అవ్వలు అంతకాలము కనిపెట్టుకొని యుండరు.

ఫలితమేమని అడుగుట న్యాయమే. మావోరిలో సంభాషింపగలమని జనాభా లెక్కలలో చెప్పినవారు 2013లో 1,48,395 మంది. 2023లో 2,13,849 మంది. వీరిలో మావోరులు కానివారును కలరు. ఇది పెరుగుదలయే. కాని దేశజనాభాలో వీరు నూటికి నలుగురు చిల్లర. ధారాళముగా మాటాడు పెద్దలు వెళ్లిపోవుచున్నారు. నేర్చుకొనినవారు ఆ స్థానములకు వచ్చుచున్నారు. భాష చావలేదని చెప్పవచ్చును. భయము తీరినదని చెప్పరాదు.

భాషను మాన్పించుటకు ఒక బెత్తము, ఒక గ్రాంటు షరతు, మూడు తరముల కాలము చాలినవి. నిలుపుటకు అర్జీలు, వ్యాజ్యములు, చట్టములు, రేడియో కేంద్రములు, వేలకొలది అవ్వల శ్రమ, నలుబదేండ్ల ఖజానాసొమ్ము వెచ్చించినను పని సగములో నున్నది. పాడుచేయుట చౌక, బాగుచేయుట ప్రియము. కావున ఈ సొమ్మును దానమనుట పొరపాటు; అది వడ్డీతో తీర్చుచున్న పాతబాకీ. బాకీ తీర్చువాడు, తీసికొనువాడు ఆ సొమ్మును తన ఇంట ఎట్లు వాడుకొనవలెనో శాసింపరాదు. మావోరులు నూట ఎనుబదేండ్లుగా పోరాడినది సొమ్ముకొఱకు మాత్రమే కాదు. ఆ సొమ్ము ముడి విప్పు చేయి తమదై యుండవలెనను న్యాయము కొఱకు. ఆ న్యాయము కొంతకు కొంతగా దక్కిన చోటనే వారి గూళ్లలో పిల్లల కిలకిల వినబడుచున్నది.